ఇంట్లో వాటా, కంపెనీలో షేరు: కుటుంబ కంపెనీలో గొడవ వస్తే ఏం చేయాలి

బాలానగర్‌లో మా నాన్న, బాబాయ్ కలిసి పెట్టిన చిన్న మెషిన్ షాపు కొన్నేళ్లకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయింది. నాన్న పోయాక పదకొండో రోజు భోజనాలు అయి, చుట్టాలు ఇంకా వెళ్లకముందే, ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మా అక్క ముందు ఐదు కాగితాలు పెట్టాడు. సంతకం పెట్టాల్సిన చోట్ల పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. "బ్యాంకు కోసమేనమ్మా, ఫార్మాలిటీ" అన్నాడు. అక్క పెన్ను అందుకుంది. అందులో రెండో కాగితం ఆమె షేర్ల హక్కు వదులుకుంటున్నట్టు రాసిన పత్రం.

నేను అప్పటికే హైదరాబాద్‌లో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తున్నాను. పక్కవాళ్ల కంపెనీల మినిట్స్ రాసేవాణ్నే గానీ, మా ఇంటి కంపెనీ ఫైలు ఒక్కరోజూ తెరిచి చూడలేదు. తర్వాత నాలుగేళ్లు మేం పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని ఇది రాస్తున్నాను.

ఇలాంటి గొడవలన్నింటికీ మూలం ఒక్కటే. ఇంట్లో వాటా, కంపెనీలో షేరు ఒకటేనని అందరం అనుకుంటాం. "నాన్న కట్టిన ఫ్యాక్టరీలో నాకు మూడో వంతు వస్తుంది" అంటాం. చట్టం ప్రకారం ఆ షెడ్డు, ఆ స్థలం, బ్యాంకులో డబ్బు నాన్నవి కావు, కంపెనీవి. నాన్నకు ఉన్నవి షేర్లు మాత్రమే. షేర్ హోల్డరుకు కంపెనీ ఆస్తి మీద నేరుగా హక్కు ఉండదని సుప్రీంకోర్టు 1955లోనే బచ్చా గుజ్దార్ కేసులో చెప్పింది. కాబట్టి ఫ్యాక్టరీని పంచమని సివిల్ కోర్టుకు వెళ్తే పని జరగదు. అక్కడే రెండు మూడేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మొదటి పని: నోరు విప్పకముందే కాగితాలు

గొడవ ముదిరాక ఆఫీసు తాళాలు మారిపోతాయి. అందుకే ముందు కాగితాలు సేకరించండి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే, ఆ కంపెనీ దాఖలు చేసిన పబ్లిక్ పత్రాలన్నీ చూడొచ్చు, దించుకోవచ్చు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్ (కంపెనీ లోపలి నియమావళి), ఏటా వేసే వార్షిక రిటర్ను ఎంజీటీ-7 (చిన్న కంపెనీలైతే ఎంజీటీ-7ఏ), బ్యాలెన్స్ షీటుతో ఉండే ఏఓసీ-4, కొత్త షేర్లు ఇచ్చినప్పుడు వేసే పీఏఎస్-3, డైరెక్టర్లు మారినప్పుడు వేసే డీఐఆర్-12, ఆస్తుల తాకట్టు వివరాలు అన్నీ తీసుకోండి. వాటిని తేదీల వారీగా ఒక పుస్తకంలో రాసుకోండి. ఎవరి దగ్గర ఎన్ని షేర్లు ఉండేవో, ఎప్పుడు ఎలా మారాయో ఒక్క పేజీలో కనిపించాలి. లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ గంట కథ కన్నా ఆ పేజీయే ఎక్కువ పనికొస్తుంది.

ఇంట్లో బీరువా కూడా చూడండి. మాకు ఒరిజినల్ షేర్ సర్టిఫికెట్లు అమ్మ పెళ్లి పట్టుచీర కింద, ఒక బట్టల షాపు కవర్లో దొరికాయి. సర్టిఫికెట్ మీ చేతిలో ఉండగానే ఆ షేర్లు ఇంకొకరి పేరు మీదికి మారిపోయి ఉంటే, అది పెద్ద సాక్ష్యం. 2024లో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కుటుంబంలో సరస్వతి పవర్ షేర్ల వివాదం కంపెనీల గొడవలు విచారించే హైదరాబాద్ ట్రిబ్యునల్‌కే వచ్చింది. షేర్లు తల్లి పేరు మీదికి మారిన తీరు చెల్లుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. అంత పెద్ద ఇంట్లోనూ చివరికి విషయం బదిలీ ఫారం, సర్టిఫికెట్, రిజిస్టరు దగ్గరే ఆగింది.

మీరు డైరెక్టరైతే ఇంకో పని ఈరోజే చేయండి. మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్ డ్రైవ్ లాంటిది) ఎక్కడుందో కనుక్కోండి. మా నలుగురి టోకెన్లూ ఆడిటర్ గారి సొరుగులో రబ్బరు బ్యాండు వేసి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ అంటించి ఉండేవి. పాస్‌వర్డు అన్నింటికీ ఒకటే. అంటే మా సంతకం మాకు తెలియకుండానే పడిపోవచ్చు. టోకెన్ వెనక్కి తెచ్చుకోండి, పాస్‌వర్డు మార్చండి, పోర్టల్‌లో మీ పేరుకు ఉన్న ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవేనా అని చూసుకోండి.

రెండో పని: ఎవరికి ఎంతో లెక్క వేయండి

వీలునామా ఉంటే దాని ప్రకారం. లేకపోతే, తండ్రి సొంతంగా సంపాదించుకున్న షేర్లు 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్తాయి. భార్య, కొడుకులు, కూతుళ్లు మాత్రమే కాదు, చనిపోయినవారి తల్లి కూడా అందులో ఉంటుంది. నాయనమ్మను లెక్కలో మరిచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఒక లెక్క చూద్దాం. తండ్రికి 60 శాతం, తల్లికి 10, పెద్దకొడుక్కి 30. తండ్రి వీలునామా రాయకుండా పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు కలిసి నలుగురు, తలా 15. ఇప్పుడు పెద్దకొడుక్కి 45, తల్లికి 25, చిన్నకొడుక్కి 15, కూతురికి 15. ఫ్యాక్టరీ నడిపేది తనే కాబట్టి కంపెనీ తనదేనని పెద్దకొడుకు అనుకుంటాడు. కానీ మిగతా ముగ్గురూ కలిస్తే 55. నాయనమ్మ బతికి ఉంటే తండ్రి షేర్లు ఐదు భాగాలై, తలా 12 వస్తాయి. అప్పుడు పెద్దకొడుక్కి 42 మాత్రమే. మామూలు తీర్మానానికి సగం కన్నా ఎక్కువ ఓట్లు చాలు. ఆర్టికల్స్ మార్చడం లాంటి వాటికి కావాల్సిన ప్రత్యేక తీర్మానానికి 75 శాతం ఉండాలి. అంటే నాయనమ్మ లేని మొదటి లెక్కలో చిన్నకొడుకు, కూతురు కలిసి 30 శాతంతో దాన్ని ఆపగలరు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందనేది వేరు, మీటింగులో ఎవరి ఓటు గెలుస్తుందనేది వేరు. ఈ లెక్క కాగితం మీద చూశాక చాలామంది గొంతు తగ్గుతుంది.

ఆడపిల్లల విషయం గట్టిగా చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ మన దగ్గర 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పింది. తండ్రి సొంత షేర్లకైతే ఆ చర్చే అక్కర్లేదు, 1956 నుంచే కూతురు సమాన వారసురాలు. "కట్నం ఇచ్చాం కదా" అన్న మాటకు కంపెనీ రిజిస్టర్లో చోటు లేదు. అమ్మా, అక్కా, చెల్లీ, చదవకుండా సంతకం పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు ఇస్తాను" అంటే ఏ బంధుత్వమూ తెగిపోదు.

నామినీ పేరు చూసి కంగారు పడొద్దు. నామినీకి షేర్లు అప్పగిస్తారు గానీ, అంతిమ హక్కు వారసులదేనని 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మూడో పని: షేర్లు మీ పేరు మీదికి

మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవలో దరఖాస్తు చేసే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, షేర్ సర్టిఫికెట్ల కాపీలు పెట్టి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. వీలునామాను బట్టి, ఆర్టికల్స్‌ను బట్టి ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) గానీ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ గానీ అడగొచ్చు. వాట్సాప్‌లో "అన్నయ్యా, నా షేర్లు మార్చు" అని పెట్టింది చాలదు. కంపెనీ కాదంటే ఆ నోటీసు అందిన 30 రోజుల్లో, అసలు జవాబే ఇవ్వకపోతే మీ కాగితం అందిన 60 రోజుల్లో, కంపెనీల చట్టం సెక్షన్ 58 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఈ గడువులు దాటిపోయేది కోపంతో కాదు, మొహమాటంతో. "సంవత్సరికం అయ్యాక చూద్దాంలే" అంటూ ఉండగానే అయిపోతాయి.

చిన్న కంపెనీ పరిమితి దాటిన ప్రైవేట్ కంపెనీల్లో షేరు ఇంకొకరికి అమ్మాలంటే ముందు డీమ్యాట్‌లో (ఎలక్ట్రానిక్ రూపంలో) ఉండాలి. అది కూడా కనుక్కోండి.

నాలుగో పని: ఈ మూడు ఎత్తుల మీద కన్నేసి ఉంచండి

మొదటిది, కొత్త షేర్లు పుట్టించి మీ వాటాను కరిగించడం. పది రూపాయల షేర్లు లక్ష ఉన్న కంపెనీలో మీవి 15,000, అంటే 15 శాతం. బోర్డు ఇంకో రెండు లక్షల షేర్లు పది రూపాయలకే అన్నయ్యకు ఇచ్చేసింది. ఆయన 20 లక్షలు పెట్టారు, మీ 15 శాతం 5 అయిపోయింది. స్థలమే కోట్లు చేసే కంపెనీలో ఇది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం రైట్స్ షేర్లు ముందు పాత షేర్ హోల్డర్లందరికీ వాళ్ల నిష్పత్తిలో ఇవ్వజూపాలి. ఆ ఉత్తరం వస్తే కోపంతో పక్కన పడేయకండి. గడువులోగా జవాబివ్వకపోతే వద్దన్నట్టే లెక్క. డబ్బుంటే నిరసన తెలుపుతూనే కట్టండి. లేకపోతే కంపెనీకి ఆ డబ్బు ఎందుకు కావాలో, ఆ ధర ఎలా పెట్టారో రాతలో అడగండి. కేవలం పట్టు బిగించడానికి షేర్లు జారీ చేయడం కుదరదని, ఆ అధికారం కంపెనీ మేలు కోసమేనని 1981 నాటి నీడిల్ ఇండస్ట్రీస్ కేసు నుంచి కోర్టులు చెబుతున్నాయి.

రెండోది, డైరెక్టర్‌గా తీసేయడం. సెక్షన్ 169 కింద మామూలు మెజారిటీ చాలు, కానీ ప్రత్యేక నోటీసు ఇవ్వాలి, మీ మాట వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. పదవి నుంచి తీసేసినంత మాత్రాన అది అణచివేత కాదని 2021 మార్చిలో టాటా, సైరస్ మిస్త్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి "నన్ను తీసేశారు" అన్న ఒక్క బాధ మీదే కేసు కట్టకండి.

మూడోది కనిపించదు, అందుకే ఎక్కువ ప్రమాదం. పన్నెండు నెలల్లో జరిగిన బోర్డు మీటింగులన్నింటికీ రాకపోతే సెక్షన్ 167 కింద డైరెక్టర్ పదవి దానంతటదే పోతుంది. కూకట్‌పల్లికి మారి ఆరేళ్లయినవాళ్లకు పాత మారేడ్‌పల్లి అడ్రసుకు నోటీసులు పంపి, ఏడాది తర్వాత "మీరు రాలేదు కదా" అంటారు. మీ అడ్రసు, ఈమెయిల్ కంపెనీకి రాసి రసీదు ఉంచుకోండి. బోర్డు మీటింగుకు ఏడు రోజుల నోటీసు ఉండాలి, ఏడాదికి కనీసం నాలుగు జరగాలి (చిన్న కంపెనీలకు రెండు చాలు). మా కంపెనీ మినిట్స్ పుస్తకంలో నాలుగేళ్ల మీటింగులూ ఒకే సిరాతో, ఒకే రాతలో, ఒక్క కొట్టివేతా లేకుండా ఉన్నాయి. ఒక మీటింగు తేదీన నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. ఆ డిశ్చార్జి సమ్మరీయే తర్వాత మాకు పెద్ద ఆధారం అయింది.

ఐదో పని: రాతలో అడగండి, మీటింగు పెట్టించండి

షేర్ హోల్డరుగా సభ్యుల రిజిస్టరు, వార్షిక రిటర్నులు, జనరల్ మీటింగుల మినిట్స్ చూసే హక్కు, కాపీలు అడిగే హక్కు మీకు ఉంది. బోర్డు మినిట్స్, ఖాతా పుస్తకాలు చూసే హక్కు డైరెక్టరుకే. ఓటు హక్కున్న మూలధనంలో పదో వంతు మీ దగ్గర ఉంటే సెక్షన్ 100 కింద అసాధారణ మీటింగు పెట్టమనొచ్చు. బోర్డు 21 రోజుల్లో కదలాలి, 45 రోజుల్లోపు మీటింగు జరగాలి. వాళ్లు పెట్టకపోతే మూడు నెలల్లోపు మీరే పెట్టుకోవచ్చు.

ఉత్తరాల్లో బూతులు, పాత పెళ్లిళ్ల గొడవలు, వదిన గారి ప్రస్తావన వద్దు. రేపు ఆ ఉత్తరాన్ని ట్రిబ్యునల్‌లో జడ్జి చదువుతారు. బ్యాంకుకు "మా ఇంట్లో తగాదా ఉంది, ఖాతా ఆపండి" అని కూడా తొందరపడి రాయకండి. ముందుగా ఆగేది వర్కర్ల జీతాలు. కంపెనీ పడిపోతే మీ షేరు విలువా పడిపోతుంది. పోలీసు కేసు గురించీ నాది అదే మాట. సంతకం ఫోర్జరీ లాంటిది నిజంగా జరిగితే తప్పదు. బెదిరించడానికి మాత్రం పెట్టకండి, రాజీకి ఉన్న తలుపులు మూసుకుపోతాయి.

ఆరో పని: అసలు మీకేం కావాలి?

ఇక్కడ ఆగి, మంచి నిద్రపోయిన ఉదయం ఆలోచించండి. కంపెనీ నడపాలా? గౌరవంగా డబ్బు తీసుకుని బయటికి రావాలా? ఏటా కొంత రాబడి చాలా? కుటుంబ కంపెనీలో బయట ఉన్నవాళ్ల కష్టం ఏమిటంటే, నడిపేవాళ్లు జీతం, కారు, అద్దె రూపంలో తీసుకుంటారు, డివిడెండ్ ప్రకటించరు. డివిడెండ్ ఇవ్వాలని చట్టం బలవంతం చేయదు. ఎవరికీ అమ్ముకోలేని, రూపాయి రాని షేరు పట్టుకుని ఇరవై ఏళ్లు కూర్చున్న ఆడపడుచులు నాకు తెలుసు. నా అభిప్రాయం ఇది: నడపాలన్న కోరిక, ఓపిక రెండూ లేకపోతే మంచి ధర తీసుకుని బయటికి రావడమే మేలు.

ధర దగ్గరే అసలు పోరు. జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఎప్పుడో కొన్న స్థలం పుస్తకాల్లో లక్షల్లోనే ఉంటుంది, బయట కోట్లు. బ్యాలెన్స్ షీటు ప్రకారం ధర కడతామంటే ఒప్పుకోకండి. రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత స్థలం నేటి విలువతో లెక్క వేయించండి. అయితే ఆ స్థలం ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ కేటాయించిందైతే దాని షరతులు చూడాలి. అమ్మడానికి వీల్లేని స్థలానికి మార్కెట్ రేటు వేయడం న్యాయం కాదు. మీది తక్కువ వాటా కాబట్టి ధర కోస్తామంటారు. ఇంటివాళ్ల మధ్య ఆ కోత ఉండకూడదని గట్టిగా నిలబడండి. ఒకరు ధర చెప్పడం, ఆ ధరకు కొనాలో అమ్మాలో రెండోవారు తేల్చడం అనే పద్ధతి న్యాయంగానే అనిపిస్తుంది గానీ, చేతిలో నగదు ఉన్నవాళ్లకే అది లాభం.

ఏడో పని: పెద్దమనుషులు, మీడియేషన్

మేనమామో, పెద్దాయన ఎవరో కూర్చోబెట్టి మాట్లాడించడం మంచిదే. 2002లో ధీరూభాయ్ అంబానీ వీలునామా లేకుండా పోయాక, అన్నదమ్ముల ఒప్పందాన్ని 2005 జూన్‌లో ప్రకటించింది తల్లి కోకిలాబెన్. కానీ కంపెనీ చట్టం తెలియని పంచాయితీలో "పెద్దాడికి ఫ్యాక్టరీ, చిన్నాడికి షోరూము" అని తెల్లకాగితం మీద రాసి లేస్తారు. ఇద్దరూ ఒకే కంపెనీలో షేర్ హోల్డర్లని, ఆ రెండూ కంపెనీవని ఎవరికీ గుర్తుండదు. రెండు యూనిట్లు విడదీయాలంటే సాధారణంగా ట్రిబ్యునల్ ఆమోదంతో డీమెర్జర్ (కంపెనీని రెండుగా విడగొట్టడం) చేయాలి. షేర్లు ఎవరికి అమ్మాలి, ముందు ఎవరిని అడగాలి అన్న షరతులు ఆర్టికల్స్‌లోకి ఎక్కించాలి. రంగరాజ్ కేసులో ఒక కుటుంబం రెండు శాఖలకూ సమాన షేర్లు ఉండాలని అనుకుంది. అది ఆర్టికల్స్‌లో లేదు కాబట్టి కంపెనీని కట్టిపడేయదని సుప్రీంకోర్టు కొట్టేసింది.

శిక్షణ ఉన్న మీడియేటరు కావాలంటే 2021లో మొదలైన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది. ట్రిబ్యునల్‌లో కేసు నడుస్తున్నా సెక్షన్ 442 కింద మీడియేషన్‌కు పంపమని అడగొచ్చు.

ఎనిమిదో పని: ట్రిబ్యునల్

ఏదీ కుదరకపోతే, తెలంగాణ కంపెనీ అయితే నాగోల్ దగ్గర బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌కు వెళ్లాల్సిందే. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్, ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) అక్కడే. అణచివేత, దుర్వినియోగం మీద పిటిషన్ సెక్షన్ 241 కింద. అర్హతకు పది శాతం షేర్లు ఉండాలని అందరూ చెబుతారు, సగమే నిజం. షేర్లలో పదో వంతు గానీ, సభ్యుల సంఖ్యలో పదో వంతు గానీ ఉంటే చాలు. పదిమంది లోపు సభ్యులున్న ఇంటి కంపెనీలో ఒక్క షేరున్న మనిషి కూడా సంఖ్యలో పదో వంతు అవుతాడు. వాటా కరిగించారని వెనక్కి తగ్గక్కర్లేదు. పేరు ఇంకా రిజిస్టర్లో ఎక్కని వారసులు కూడా వెళ్లొచ్చని 1990లో వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ కేసులో సుప్రీంకోర్టు అంది.

రిజిస్టరులో మార్పు మాత్రమే కావాలంటే సెక్షన్ 59. సెక్షన్ 242 కింద ట్రిబ్యునల్ కొత్త షేర్లు రద్దు చేయగలదు, మేనేజింగ్ డైరెక్టర్‌ని తీసేయగలదు, ఒకరి షేర్లు ఇంకొకరు కొనాలని ఆదేశించగలదు. మొదటి వాయిదాలోనే మధ్యంతర ఉత్తర్వు అడగండి, ముఖ్యంగా స్థలం అమ్మకం, కొత్త షేర్ల జారీ ఆపేలా. అవతలివాళ్లు కేసు వేస్తారని అనుమానం ఉంటే మీరే ముందు కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న అర్జీ) వేయండి, అది 90 రోజులు పనిచేస్తుంది. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో అప్పీలు, మన రాష్ట్రాలకు చెన్నైలోని ఎన్‌సీఎల్‌ఏటీ బెంచ్.

మా కేసు వాయిదా ఒకదాంట్లో బాబాయ్, అక్క బయట ఒకే బెంచీకి రెండు చివరల కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు లాయర్ల సంచులు. మధ్యాహ్నం దాటుతుంటే అక్క లేచి వెళ్లి, "షుగర్ మాత్ర వేసుకున్నావా బాబాయ్?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె సంచిలోంచి ఇడ్లీ డబ్బా తీసి ఇచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకు లాయర్లు లేకుండా మొదటిసారి మాట్లాడుకున్నాం.

చివరి పని: రాజీ కుదిరాక కాగితం మూసేయడం

ఒప్పందంలో ధర, వాయిదాలు, వాయిదా తప్పితే ఏమవుతుంది, దానికి హామీగా ఏం పెడుతున్నారు అన్నీ ఉండాలి. కేసు నడుస్తుంటే ఆ ఒప్పందాన్ని ట్రిబ్యునల్ ముందు పెట్టి ఉత్తర్వుగా తీసుకోండి. మాట తప్పితే మళ్లీ మొదటి నుంచి కొట్లాడక్కర్లేదు. పూర్తి డబ్బు అందేదాకా సంతకం చేసిన ఎస్‌హెచ్-4 (షేర్ల బదిలీ) ఫారాలు ఇద్దరికీ నమ్మకమైన మూడో మనిషి దగ్గర ఉంచండి. పన్ను సంగతి సీఏ గారితో ముందే మాట్లాడుకోండి. దగ్గరి బంధువుకు బహుమతిగా ఇవ్వడానికి, అమ్మడానికి పన్ను తేడా చాలా ఉంటుంది.

అన్నింటికన్నా ఎక్కువగా మరిచిపోయేది బ్యాంకు గ్యారంటీ. షేర్లు అమ్మేసి, రాజీనామా ఇచ్చి, డీఐఆర్-12 కూడా వేయించుకుని ఇంటికి వచ్చేస్తారు. కానీ పాత అప్పుకు మీరు పెట్టిన వ్యక్తిగత గ్యారంటీ, మీ ఇంటి దస్తావేజుల తాకట్టు అలాగే ఉండిపోతాయి. రాజీనామా చేస్తే గ్యారంటీ పోదు. బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద మిమ్మల్ని విడుదల చేస్తున్నట్టు రాసివ్వాలి, దస్తావేజులు మీ చేతికి రావాలి. ఆఖరి వాయిదా చెక్కు, విడుదల లెటరు, ఎస్‌హెచ్-4 మూడూ ఒకే రోజు, ఒకే బల్ల మీద చేతులు మారేలా చూసుకోండి. మేం అలాగే చేశాం. నెల తర్వాత పోర్టల్ తెరిచి, డైరెక్టర్ల జాబితాలోనూ, తాకట్టు వివరాల్లోనూ మా పేర్లు లేవని చూశాకే అక్క ఆ ఫైలు కట్టి అటక మీద పెట్టింది.